పలకరింపు లెక్కలోకి రాదట

2018 ఆగస్టులో, ఉద్యోగ విరమణకు కొద్ది నెలల ముందు, నన్ను తడ దగ్గర పారిశ్రామికవాడలోని ఒక వాల్వుల వర్క్‌షాపుకు సాక్షిగా పంపారు. నేను ఒక అణు విద్యుత్ కేంద్రంలో నాణ్యత తనిఖీ విభాగం సీనియర్ ఇంజనీరును. కేంద్రం మరమ్మతుల కోసం ఆగి ఉంది. మా సొంత పరీక్షా బల్ల కొన్నేళ్ళ కిందటే మూలపడినందువల్ల, ఎప్పటిలాగే ఈసారీ ఆవిరి లైను మీది సేఫ్టీ వాల్వుల్లో ఒకదాన్ని విప్పి ఆ వర్క్‌షాపుకు పంపారు. పరీక్ష నా కళ్ళముందు జరగాలి, నేను సంతకం పెట్టాలి, ఆ తర్వాతే వాల్వు తిరిగి లైనెక్కాలి.

సేఫ్టీ వాల్వు చేసేది ఒకటే పని. ఆవిరి పీడనం హద్దు దాటితే తనంత తాను లేచి, ఆవిరిని బయటికి వదలాలి. ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చున్నది, అవసరమైన ఆ ఒక్కసారి తప్పకుండా లేవాలి. అందుకే దాని పరీక్షకు గట్టి నియమం ఉంది. విప్పిన వాల్వును తుడవకూడదు, స్ప్రింగును ముట్టుకోకూడదు. వచ్చినదాన్ని వచ్చినట్టే బల్లకు బిగించి పీడనం పెంచాలి. మొదటిసారి ఎంత దగ్గర లేస్తే అదే ఫలితం. దీన్ని ‘యాజ్ ఫౌండ్’ పరీక్ష అంటాం. ఈ వాల్వు చదరపు సెంటీమీటరుకు ఎనభై కిలోల దగ్గర లేవాలి. మూడు శాతం తేడా ఒప్పుకుంటాం. ఎనభైలో మూడు శాతమంటే 2.4. కాబట్టి 82.4 దాటితే వాల్వు తప్పినట్టే. ఒకటి తప్పితే, అదే రకానికి చెందిన వాల్వులు ఇంకో రెండు విప్పి పరీక్షించాలి. వాటిలోనూ తప్పు తేలితే మొత్తం గుంపును విప్పాల్సిందే.

పరీక్ష పదకొండింటికని వర్క్‌షాపు మేనేజరు ప్రభాకర్ గారు కబురు చేశారు. చెప్పిన వేళకంటే ముందు వెళ్ళడం నాకు అలవాటు. గేటు దాటి ఆవరణలో నడుస్తుండగానే షెడ్డులోంచి ఆవిరి పేలినట్టు పెద్ద చప్పుడైంది. లోపలికి వెళ్ళి చూస్తే బల్ల మీద ఉన్నది మా వాల్వే. ఒళ్ళంతా కాగి ఉంది. పీడనాన్ని నమోదు చేసే రికార్డరు పక్కనే ఉంది, ఇంకా ఆన్ చేయలేదు.

ఫిట్టరు మునిరత్నం నన్ను చూసి కంగారు కూడా పడలేదు. ఏం చేస్తున్నారని అడిగితే నవ్వాడు.

“ఏం లేదు మేడమ్, పలకరించినాం అంతే.”

“పలకరించడమంటే ఏమిటయ్యా?”

“ఇన్నేళ్ళు మూతి బిగించుకోని కూచోనుంటాది గదా మేడమ్. కొత్త చోటికి తెస్తే బిగుసుకుంటాది, మా కొత్త అల్లుడి మాదిరి. ఒకసారి పలకరిస్తే రెండోసారి సక్కంగా మాట్లాడతాది. సాక్షి వొచ్చేసరికి రెడీగా ఉండాల గదా!”

“మొదటిసారి ఎంత దగ్గర లేచింది?”

“ఎనభై ఆరు కాడ. అయినా పలకరింపు లెక్కలోకి రాదు గదా మేడమ్.”

ఎనభై ఆరు అంటే ఏడున్నర శాతం ఎక్కువ. ఎవరు నేర్పారు నీకిది అన్నాను. నా గొంతు పెరిగింది. అప్పుడతను తెల్లబోయాడు. “ఎవురు నేర్పేదేంది మేడమ్, ఎప్పుడూ ఇట్టనే చేస్తాం. ముందొచ్చిన మీ సార్లకూ తెలుసు. ‘పలకరింపు అయినాక పిలవండయ్యా’ అని ఆఫీసు గదిలో కూచోని టీ తాగేవాళ్ళు.”

నాకు ఒళ్ళు మండింది ఆ ఫిట్టరు మీద కాదు. నా విభాగం వాళ్ళే, నేను పెట్టే చోటే సంతకం పెట్టినవాళ్ళే, జరగని పరీక్షకు సాక్షులయ్యారు. కేంద్రంలో పీడనం పెరిగిన వేళ ఏ వాల్వునూ ముందుగా ఎవరూ పలకరించరు. అక్కడ అది లేచేది మొదటిసారే. ఆ ఒక్క అంకెనే వీళ్ళు ఇన్నేళ్ళుగా ఆవిరితోపాటు గాలికి వదిలేశారు.

ఇంతలో మేనేజరు పరుగున వచ్చారు. రికార్డరు పెట్టించి మళ్ళీ పీడనం పెంచారు. వాల్వు ఎనభై ఒకటి దగ్గర లేచింది. “చూశారుగా మేడమ్, అచ్చంగా హద్దులోనే ఉంది. రాసేయండి,” అన్నారు. నేను ఎనభై ఆరు అని రాశాను. ఆయన ముఖం మాడిపోయింది. “కావాలంటే వీణ్ణి ఈ రోజే పంపించేస్తాను మేడమ్, మీరు మాత్రం ఆ అంకె కొట్టేయండి,” అన్నారు. మునిరత్నం చేతిలోని స్పానరు కింద పెట్టి నా వైపే చూస్తున్నాడు. అతన్ని తీసేస్తే మా సార్లు టీ తాగిన సంగతి కూడా పై అధికారులకు రాస్తానని చెప్పాను. ఆ మాట అక్కడితో ఆగింది.

మధ్యాహ్నం కేంద్రం నుంచి నిర్వహణ సూపరింటెండెంటు ఫోన్ చేశారు. హోదాలో నాకంటే ఒక మెట్టు పైవారు, వయసులో చిన్న.

“ఏందమ్మా, రిటైరై పోయేముందు మాకు పెళ్ళి చేసి పోతున్నారా? రెండు వాల్వులు విప్పాలంటే కేంద్రం స్టార్టు చేసేది ఎప్పుడు? ఆ లైను ఎనభై ఎనిమిది దాకా తట్టుకుంటుందని మీకు తెలియదా?”

“తెలుసు. ఆ మిగులు లైనుది, మనది కాదు. మనం తినేస్తే ప్రమాదానికి ఏం మిగులుతుంది?”

“మీకిది పంతం.”

“అవును, పంతమే. మీ సంతకం పెట్టి ఎక్కించండి, నేను అడ్డుపడను.”

ఆయన సంతకం పెట్టలేదు. రెండు వాల్వులు విప్పక తప్పలేదు. అవి లారీ దిగినప్పటినుంచి బల్ల మీదికి ఎక్కేదాకా నేను పక్కనుంచి కదలలేదు. ఈసారి మునిరత్నమే అందరినీ దూరంగా నిలబెట్టి, “ఎవురూ ముట్టుకోబాకండి, మేడమ్ ఊరుకోదు,” అని అరిచాడు. మొదటిది ఎనభై ఒకటిన్నర దగ్గర లేచింది. రెండోది ఎనభై ఏడు చూపాక లేచింది. లైను తట్టుకోగల హద్దుకు మిగిలింది ఒక్క కిలో. ఇక వాదన లేదు. గుంపు మొత్తం విప్పారు. కొన్నింటిలో ఆవిరిని ఆపే మూతా, అది ఆనుకునే పీటా ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. కేంద్రం అనుకున్నదానికంటే ఆలస్యంగా మొదలైంది.

ఆలస్యానికి కారణమేమిటని నన్ను సంజాయిషీ అడిగారు. పలకరింపు సంగతీ చేర్చి రాసిచ్చాను. అంతకుముందు పరీక్షలకు సంతకాలు పెట్టినవారిని ఎవరూ ఏమీ అడగలేదు. వారిలో ఒకరికి ఆ ఏడే పదోన్నతి వచ్చింది.

నియమావళిలో అప్పటిదాకా ‘పరీక్షకు ముందు సర్దుబాటు చేయరాదు’ అని ఉండేది. మేము సర్దలేదు కదా అని వర్క్‌షాపువాళ్ళు వాదించారు. అక్షరాలా చూస్తే వారి వాదనలో తప్పు లేదు. అందుకే విరమణకు ముందు పట్టుబట్టి ఆ వాక్యాన్ని మార్పించాను: లైను నుంచి విప్పాక వాల్వు ఏ కారణంతో మొదటిసారి లేచినా, దాన్ని ఏ పేరుతో పిలిచినా, అదే పరీక్ష. తనిఖీ పనిలో నేను నేర్చుకున్నది ఇదే. రమ్మన్న వేళకు వెళ్ళి చూసేది పరీక్ష కాదు, వాళ్ళు చూపించదలచుకున్నది మాత్రమే.