సిస్టర్ గారి గుండ్రాలు

పోయిన వారం మా అపార్టుమెంటు గేటుకి రంగు వేస్తున్నారు. రంగులు వేసే పెద్దాయన వేలికి ఇనుప ఊచ గీరుకుని రక్తం వస్తే వాచ్‌మన్ పరుగున పోయి డెట్టాలు సీసా తెచ్చాడు. టర్పెంటైను వాసన, డెట్టాలు వాసన కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలేసరికి, ఆఫీసు క్యాబు ఎక్కబోతున్నవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. బెంగళూరు మారతహళ్ళిలో ఐదు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరితే అరగంట ఆలస్యంగా చేరతామని తెలుసు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. అయినా కాలు కదల్లేదు. ఆ రెండు వాసనలు కలిసి కాపురం చేసే చోటు నేనెరిగినంతలో ఒక్కటే ఉండేది. ఊరికి అటు చివర, ఫ్యాక్టరీలుండే పీణ్యలో, మూతబడ్డ ఒక మెషిన్ షాపు తాలూకు రేకుల షెడ్డు అది. అందులో బొమ్మలు వేయించే ఆవిడ సుగుణమ్మ గారు. అందరూ సిస్టర్ అనేవారు. చర్చిలో సిస్టర్ కాదు, వార్డులో సిస్టర్. రిటైరైనా ఆ పిలుపు మాత్రం రిటైర్ కాలేదు.

సిస్టర్ గారిది ఒంగోలు వైపు. నర్సు ఉద్యోగం మీద చిన్న వయసులోనే బెంగళూరు వచ్చి, చేతులకు దెబ్బలు తగిలినవాళ్ళుండే వార్డులోనే సర్వీసంతా గడిపారు. పీణ్యలో ప్రెస్సు మిషన్లకు మనుషుల వేళ్ళంటే మహా ఇష్టం. గాయం మానుతుంది, కుట్లు విప్పుతారు, కానీ మిగిలిన వేళ్ళు కదలనని మొండికేస్తాయి. కదిలించడానికని డాక్టర్లు రబ్బరు బంతి ఇచ్చేవారు. "బంతి ఇస్తే ఇంటికెళ్ళి పిల్లలకిచ్చేస్తున్నారు నాయనా. కుంచె ఇచ్చి చూశాను. కుంచె మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, తలగడ కింద పెట్టుకున్నారు" అని ఆవిడే చెప్పారు. మా సంస్థ చరిత్రంతా ఆ మూడు ముక్కలే. రిటైరయ్యాక ఆ షెడ్డు అడిగి పుచ్చుకుని, ఒక సమితి రిజిస్టరు చేశారు. పేరు ఎంత పొడుగంటే బోర్డు మీద పట్టక చివరి మాట తలుపు మీదికి వచ్చింది. తలుపు తెరిస్తే 'సమితి' మాయమైపోయేది. ఆదివారాలు ఫ్యాక్టరీ మనుషులకు, బుధవారాలు కుట్టుమిషన్ల దగ్గర మెడలు పట్టేసిన ఆడవాళ్ళకు, వేసవిలో పిల్లలకు క్లాసులు. ఆవిడకు మాత్రం బొమ్మలు వేయడం బొత్తిగా రాదు. దాన్ని ఆవిడ ఎప్పుడూ లోటుగా అనుకోలేదు.

నేను అక్కడికి గురువుగా వెళ్ళాను. మా కంపెనీ ఏడాదికొక రోజు మాచేత సేవ చేయిస్తుంది, దానికో టీషర్టు కూడా ఇస్తుంది. ఇంటర్మీడియట్‌లో డ్రాయింగులో రెండో బహుమతి వచ్చినవాణ్ణి కనుక, కార్మికులకు నాలుగు మెళకువలు నేర్పి పుణ్యం కట్టుకుందామని బయల్దేరాను. గడపలోనే సిస్టర్ గారు నా కుడిచేయి పట్టుకున్నారు. కరచాలనం అనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు, మణికట్టు నొక్కి చూశారు.

"ఎప్పట్నుంచి నొప్పి?"

"నొప్పేం లేదు మేడమ్. నేను వాలంటీర్ని. డ్రాయింగ్ చెప్పడానికొచ్చాను."

"చెబుదువుగాని. పిడికిలి బిగించు."

బిగించాను. బాబోయ్ అన్నాను.

"కంప్యూటరా? మౌసు పట్టుకునే చేయి. పోయి ఆ బెంచీ మీద కూర్చో. గుండ్రాలు, పెద్దవి, ఇరవై. భోజనమయ్యాక ఇంకో ఇరవై."

ఆ రోజు మా వాళ్ళు తీసిన ఫోటోలో పందొమ్మిదిమంది టీషర్టులు నవ్వుతూ నిలబడి ఉంటారు. వెనకాల బెంచీ మీద నాలుక బయటపెట్టి గుండ్రాలు చుడుతున్న పేషెంటుని నేను. మిగతా పందొమ్మిది మంది మళ్ళీ రాలేదు. నా నొప్పి తగ్గలేదు కనుక నేను మళ్ళీ వెళ్ళాను.

ఆవిడ పద్ధతి అర్థం కావడానికి నాకు నెల పట్టింది. మణికట్టుకు గుండ్రాలు, బొటనవేలికి నిలువు గీతలు, చూపుడు వేలికి చుక్కలు. అవి పూర్తయ్యాక మిగిలిన కాగితం మీద ఎవరికి తోచిన బొమ్మ వాళ్ళు వేసుకోవచ్చు. బొమ్మ వేస్తుంటే ఆవిడ కాగితం వైపు చూడరు, చేతి వైపు చూస్తారు. తర్వాత కాగితం తిప్పి, వెనక తన వార్డు ఇంగ్లీషులో కేసు షీటు రాస్తారు. ఏ వేలు ఎంత వంగింది, నొప్పి ఎంత, నిద్ర పట్టిందా, ఇంట్లో ఎలా ఉన్నాడు, అన్నీ. చిక్కపేటలో డజన్ల లెక్కన కొన్న బట్టల క్లిప్పులతో, షెడ్డులో ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టిన తీగ మీద కాగితాలు వేలాడదీసేవారు. కేసు షీటు బయటికి, బొమ్మ గోడకి. సాయంత్రం ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ వరుస వెంట రౌండ్సుకు బయల్దేరేవారు. ఒకసారి నేను ఉండబట్టలేక "అసలు బొమ్మ ఎలా ఉందో కూడా చూడండి సిస్టర్ గారూ" అన్నాను. "నాకు బొమ్మలు తెలియవు నాయనా, వేళ్ళు తెలుసు. తెలియనిదాని మీద అభిప్రాయం చెప్పేది డాక్టర్లు, మనం కాదు" అన్నారు.

అక్కడ నా పక్క బెంచీ నాగరాజుది. మూడు తరాల కిందటే బెంగళూరు చేరిన తెలుగు కుటుంబం. ప్రెస్సు మిషను దగ్గర పనిచేస్తూ కుడిచేతి వేళ్ళు కొన్ని పోగొట్టుకున్నాడు. వారమంతా ఇంట్లో మంచం దిగేవాడు కాదు. ఆదివారం మాత్రం భార్య లక్ష్మమ్మ వెంటపెట్టుకుని వచ్చి దింపిపోయేది. వచ్చిన ప్రతిసారీ ఆ మిషను బొమ్మే వేసేవాడు, కాగితం నిండా, అంచులు దాటి బెంచీ మీదికి వచ్చేలా. ఇతగాడికైనా నా విద్య పనికొస్తుందని, దూరంగా ఉన్న వస్తువులు చిన్నగా కనిపిస్తాయని గీతలు గీసి మరీ వివరించాను. అతను ఓపిగ్గా అంతా విన్నాడు.

"అది దగ్గరికొచ్చి కొరికిందప్పా. దాన్ని యాడికని దూరం పెట్టేది?" అన్నాడు.

నా గురుత్వం ఆ రోజుతో సమాప్తం. కానీ ఒకసారి అతని పాత కాగితాల వెనక సిస్టర్ గారి రాత చదివి ఆశ్చర్యపోయాను. బొమ్మలు తెలియవన్న మనిషి, స్కేలు పెట్టి కొలిచి రాసుకున్నారు. మిషను పోయిన నెల పదకొండు అంగుళాలు. ఈ నెల తొమ్మిది.

అది ఆరు అంగుళాలకు వచ్చేసరికి షెడ్డుకు ముప్పు వచ్చింది. స్థలం గోడౌను కోసం కావాలట, రెండు నెలల్లో ఖాళీ చేయమన్నారు. లక్ష్మమ్మ వచ్చి ఏడ్చింది. "ఇది మూసేస్తే మా ఆయన మల్లా మంచమెక్కుతాడు సిస్టరమ్మా. ఈ తూరి దింపడం నాతో కాదు." సిస్టర్ గారు ఆ రోజు రౌండ్సుకు లేవలేదు. నేను ఇంటర్నెట్టంతా గాలించి, ఊళ్ళోని ఒక పెద్ద కళాకేంద్రం ఏదో ఒక చిన్న సంస్థకు రెండు గదులు ఉచితంగా ఇస్తుందని కనిపెట్టాను. దరఖాస్తు పెట్టాను. ముందు ఒక రోజు ప్రదర్శన పెట్టమన్నారు, చూసి నిర్ణయిస్తామన్నారు. గదులు వచ్చేసినంత ధీమాగా నేను కర్టెన్ల రంగు కూడా ఆలోచించాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ప్రదర్శన రోజు పొద్దున బొమ్మలన్నీ టెంపోలో వెళ్ళాయి. వేలాడదీసే పని నాగరాజు బృందానికి అప్పగించి, నేను కింద ఆఫీసులో కేంద్రం పెద్దావిడతో కాఫీ తాగుతూ కళ గురించి మాట్లాడుతూ కూర్చున్నాను. పదకొండింటికి ఆవిడను, ఇంకో ఇద్దరిని వెంటపెట్టుకుని హాల్లోకి అడుగుపెట్టాను. నలభై కాగితాలు, తీగ మీద వరసగా, క్లిప్పులు పెట్టి ముచ్చటగా వేలాడుతున్నాయి. కేసు షీటు బయటికి, బొమ్మ గోడకి. మావాళ్ళు స్నానాలు చేసి, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, ఎవరి రిపోర్టు పక్కన వాళ్ళు డిశ్చార్జికి సిద్ధంగా ఉన్న పేషెంట్లలా నిలబడ్డారు. వాళ్ళను అనుకోవడానికేముంది? ఏళ్ళ తరబడి అలాగే వేలాడదీశారు. వాళ్ళ దృష్టిలో బొమ్మ వెనకభాగం, రిపోర్టు ముందుభాగం.

పొరపాటైందని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోపు పెద్దావిడ మొదటి షీటు దగ్గర ఆగి, రెండోది చదివి, మూడో దాని దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అద్భుతం. ఇలాంటిది ఈ మధ్య చూడలేదు" అని ఇంగ్లీషులో అన్నారు. తెరిచిన నోరు మూసేశాను. మనిషి నోరు అంత చప్పున మూతపడగలదని నాకు అప్పటిదాకా తెలియదు. గదుల తాళాలు కళ్ళముందు కనిపించాయి.

ఆవిడ నాగరాజు కాగితం దగ్గరికి వచ్చి, వెనకనున్న ఇద్దరికీ వినపడేలా పైకి చదివారు. "ఇంట్లో కుడిచేతిని టవలు కింద దాస్తున్నాడు. భార్య తినిపిస్తోంది. ఈ వారం రెండుసార్లు ఏడ్చాడు." నాగరాజు ఆ ఇంగ్లీషు చదవలేడు గానీ, వింటే అర్థమవుతుంది. అక్కడ అలా రాసి ఉందని అతనికి ఆ క్షణం దాకా తెలియదు. ముఖంలో మార్పేమీ లేదు. కుడిచేయి మాత్రం మెల్లిగా ప్యాంటు జేబులోకి వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే సిస్టర్ గారు మెట్రో దిగి, గొడుగు ముడుస్తూ లోపలికొచ్చారు. ఆవిడ గోడ చూడలేదు, పెద్దావిడను చూడలేదు. అలవాటు ప్రకారం చేతులు చూశారు.

"నాగరాజూ, చేయి జేబులో ఎందుకు పెట్టావు?"

"సుమ్నే, సిస్టరమ్మా. ఊరికే."

అప్పుడు గోడ వైపు చూశారు. సంగతి అర్థమైంది. నేను ఒక్క గెంతున వెళ్ళి చెవిలో చెప్పాను. "వాళ్ళకు ఇలాగే నచ్చింది సిస్టర్ గారూ. ఒక్క గంట ఓపిక పట్టండి, గదులు మనవే." ఆవిడ నావైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. కోపం కాదు. ఇంత నొప్పి పెట్టుకుని ఇన్నాళ్ళూ చెప్పలేదేం నాయనా అన్నట్టుంది.

"ఈ కాగితాలు మీవి" అని అందరితోనూ అన్నారు. "మిమ్మల్ని అడక్కుండా రాశాను, తప్పు నాది. ఎటు తిప్పి పెట్టుకుంటారో మీ ఇష్టం."

నాగరాజు జేబులోంచి చేయి తీశాడు. ఆ చేత్తోనే క్లిప్పు నొక్కాడు. జారింది. మళ్ళీ నొక్కాడు. నేను ముందుకు వెళ్ళబోతే సిస్టర్ గారు గొడుగు అడ్డం పెట్టారు. మూడోసారికి క్లిప్పు విచ్చుకుంది, కాగితం తిరిగింది. మూలన ఒక చిన్న మిషను, మిగతా అంతా ఖాళీ. తర్వాత ఒక్కొక్కరే తిప్పారు. హాలు నిండా గుండ్రాలు, గీతలు, చుక్కలు. నాలుగు మాత్రం తలకిందులుగా. పెద్దావిడ మర్యాదస్తురాలు. నలభై కాగితాలూ చూశారు. "గుండ్రాలు చాలా ఉన్నాయి" అన్నారు. పది రోజులకు ఉత్తరం వచ్చింది. గదులు ఇంకెవరికో ఇచ్చారు.

తిరిగి వెళ్ళేటప్పుడు టెంపోలో నేను నోరు పారేసుకున్నాను. ఒక గంట ఊరుకుంటే ఇంతమందికి నీడ దొరికేదన్నాను. గొరగుంటెపాళ్య దాటాక సిస్టర్ గారు చెప్పారు. "నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక డాక్టరు గారు పదిమంది స్టూడెంట్లకు ఒకాయన చేయి ఎత్తి చూపిస్తూ అరగంట పాఠం చెప్పారు. ఆ చేతికి ఒక మనిషి తగులుకుని ఉన్నాడని ఎవరికీ గుర్తులేదు. నేను ట్రే పట్టుకుని నిలబడ్డాను. ఆయన పదిమందినీ వదిలేసి నావైపు చూశాడు నాయనా. నేను ట్రే వైపు చూసుకున్నాను." గొడుగు ఒళ్ళోకి తీసుకుని, "గదులు నాకూ కావాలి. షెడ్డు పోయాక ఏం చేయాలో నాకూ తెలియదు" అన్నారు. అంత భయం ఆవిడ గొంతులో నేను వినడం అదొక్కసారే. నా సిగ్గుకు అప్పుడు హద్దు లేదు.

షెడ్డు పోయింది. లక్ష్మమ్మ ఫ్యాక్టరీ మనుషులకు భోజనాల మెస్సు నడిపేది. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా బల్లలు ఖాళీగానే ఉంటాయి కదా అని నాగరాజు అన్నాడు. అన్నవాడు తనే చీపురు పట్టి ఊడ్చాడు. ఇప్పటికీ క్లాసు అక్కడే. మా బొమ్మలన్నీ కాస్త సాంబారు వాసనేస్తాయి. కేసు షీట్లు వేరే ఫైలులోకి వెళ్ళాయి. రాసేముందు సిస్టర్ గారు పేషెంటుకు చదివి వినిపించేవారు. వాళ్ళు ఒప్పుకోకపోతే కొట్టేసేవారు. దాంతో అందరి నొప్పీ ఒక్క నెలలో సగానికి తగ్గిపోయింది, కాగితం మీద.

ఇప్పుడు ఆ సమితికి కార్యదర్శిని నేనే. విరాళాలిచ్చేవాళ్ళు చేతుల ఫోటోలు అడుగుతుంటారు. నేను వెళ్ళి ఆ చేతుల వాళ్ళను అడుగుతాను. కొందరు సరేనంటారు, కొందరు తిడతారు. ఈ నాలుగు మాటలు రాసేముందు కూడా మెస్సుకు వెళ్ళి నాగరాజుకు, లక్ష్మమ్మకు అంతా చెప్పాను. టవలు సంగతి తీసేయమంటాడేమో అనుకున్నాను.

"ఉండనీప్పా. ఇప్పుడు దాయట్లేదు కదా" అన్నాడు నాగరాజు, వడ్డిస్తూనే. "వేళ్ళ లెక్క మాత్రం సరిగ్గా రాయి. పోయినాది రెండున్నర. ముందొచ్చిన పేపరాయన మూడు అని రాసి, ఉండేదాంట్లో అరవేలు పోగొట్టినాడు."

సిస్టర్ గారు పోయి ఏడాది దాటింది. ఆవిడ ఉంటే ఇది చదివి సరేననేవారని రాసి, కొట్టేశాను. ఏమనేవారో నాకు తెలియదు. ఇందులో నేను అడగకుండా రాసింది ఆవిడ గురించి ఒక్కటే.