కోలా మూడో కడుగు

దయ్యాలంటే నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. త్రాసులో తూగనిదాన్ని నమ్మకపోవడమే నా ఉద్యోగం.

డెబ్భైల చివర్లో జంషెడ్‌పూర్‌లో ఒక చిన్న ప్రైవేటు లేబొరేటరీలో కెమిస్టుగా చేరాను. గోల్‌మురిలో మా పక్క క్వార్టర్ పైడయ్య బాబాయిది. కార్ఖానాలో కొలిమి పని. ఆ ఏడు ఆయనకి గుండెదడ పట్టుకుంది. నెలలో తగ్గకపోతే పనికి అన్‌ఫిట్ అని రాస్తానని కార్ఖానా డాక్టరు గడువిచ్చాడు.

“అన్‌ఫిట్ అని రాసీసినారంటే నౌక్రీ పోద్దమ్మా, క్వార్టర్ కూడా ఖాళీ సెయ్యాల,” అన్నాడు బాబాయి.

ఏం తాగుతున్నావని అడిగితే అసలు సంగతి బయటపడింది. గేటు దగ్గర ఎవరో చీటీ లేని సీసాల్లో కోలా అమ్ముతున్నారు. అలుపు రాదని డ్యూటీకి మూడు సీసాలు పట్టిస్తున్నాడు. కోలాలో ఉండే కెఫీన్ మోతాదు మించితే గుండెదడ వస్తుంది. అదెంతుందో చూద్దామని రెండు సీసాలు తెప్పించుకున్నాను.

కెఫీన్ తీయడం తేలికే. కోలాలో గ్యాసు పోగొట్టి, కింద కుళాయి ఉన్న గాజుబుడ్డిలో పోసి, క్లోరోఫాం కలిపి గట్టిగా కుదపాలి. కెఫీన్ క్లోరోఫాంతో అడుగుకి దిగుతుంది. దాన్ని ఆవిరి చేస్తే తెల్లటి పొడి మిగులుతుంది. ఇలా మూడుసార్లు కడగాలి. మూడోది అయ్యాక బుడ్డి మెడకి తెల్లదారం కట్టడం మా పెద్ద కెమిస్టు మూర్తిగారి అలవాటు. దారం లేని బుడ్డిని ఆయన పారబోయనిచ్చేవారు కాదు. అంతకుముందు వేసవిలో ఆయన పోయారు, దారాలూ పోయాయి.

ఆ రోజు గ్యాసు సరిగా పోలేదు. మూత ఎగురుతుందన్న భయంతో ఉయ్యాల ఊపినట్టు ఊపాను. రెండు కడుగులకి వచ్చింది చాలా తక్కువ. అంటే తప్పు కోలాది కాదు, జబ్బు గుండెదే. మనసు చివుక్కుమంది. ఆకలి రుచెరగదంటారు, నా ఆకలి పద్ధతి కూడా ఎరగలేదు. మూడోసారి ఏం వస్తుందిలే, వచ్చి పారబోద్దామనుకుని తాళం వేసి భోజనానికి ఇంటికెళ్ళాను. ప్యూను సెలవు. ఉన్నది ఒకటే తాళంచెవి, అది నా సంచిలో ఉంది.

రెండింటికి తిరిగొచ్చి తాళం తీశాను. బుడ్డి మెడకి తెల్లదారం ముడేసి ఉంది. బల్ల మీద నేను పెట్టని గిన్నె, అందులో సూదుల్లాంటి తెల్లటి పొడి. క్లోరోఫాం సీసా మీద రెండో కడుగు తర్వాత నేను గీసిన గీత కంటే మట్టం కిందికి దిగి ఉంది. కిటికీలు లోపలి గడియతోనే ఉన్నాయి.

గిన్నె తూచాను. నా రెండు కడుగులూ కలిపినా దానికి సగం లేదు.

ఎవరు తీశారో తెలియని లెక్క రిపోర్టులో రాయకూడదు. రెండో సీసాని నా చేతులతో, ఒళ్ళు దగ్గర పెట్టుకుని, మూడుసార్లు కడిగాను. మొత్తం మొదటి సీసాతో సరిపోయింది. మామూలు కోలాకి రెండింతల పైమాటే. అదే రాసిచ్చాను.

డాక్టరు కోలా మాన్పించాడు. మూడు వారాల్లో దడ తగ్గింది. ఫిట్ అని కాగితం అందిన సాయంత్రం బాబాయి జిలేబీ పొట్లంతో మా ఇంటికొచ్చాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

“నీ సేతి సలవేనమ్మా,” అన్నాడు.

జిలేబీ తిన్నాను కానీ అవునని అనలేకపోయాను. నా చెయ్యి ఆ పూట ఆయన ఉద్యోగాన్ని సింకులో పోయబోయింది. ఆపిన చెయ్యి ఎవరిదో నాకు ఈనాటికీ తెలియదు.