డ్రిల్లు మాస్టారి కాయల జోడు

తడిసిన కొబ్బరి డొక్కల పీచు వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా గడ్డం దానంతటదే కిందికి దిగుతుంది. మొన్న జల్లు కొట్టి వసారా తడిసినప్పుడు ఆ వాసన వంటింటి దాకా వచ్చింది. పొయ్యి మీద పాలు ఉన్న సంగతి కూడా మరిచిపోయి నిలబడ్డాను.

తొంభైల్లో కొత్తపేట దగ్గర మా హైస్కూల్లో ఒక డ్రిల్లు మాస్టారు ఉండేవారు. బక్కపలచని మనిషి, మెడలో ఎప్పుడూ విజిలు. కాకినాడలో జరిగే జిల్లా ఈత పోటీలకు, రెండు చేతులూ ఒకేసారి విసిరే బటర్‌ఫ్లై ఈతలో మా స్కూలు నుంచి ఆడపిల్లలెవరూ లేరని నన్నడక్కుండానే నా పేరు రాసేశారు. నాది కాలవ ఈత. డొక్క తియ్యని ఎండు కొబ్బరికాయలు రెండు జోడు కట్టి, వాటి మీద తేలుతూ నేర్చుకున్నది. ఆ ఈతలో తల నీళ్ళలో పెట్టరు. పెడితే ఎదురొచ్చే పడవా కనపడదు, కొట్టుకొచ్చే గుర్రపుడెక్కా కనపడదు.

బటర్‌ఫ్లైకి అదే శత్రువైంది. ఊపిరి కోసం నేను తల ఎత్తిన ప్రతిసారీ నడుము మునిగేది, నాలుగు బారలకే చేతులు బరువెక్కేవి. మాస్టారు ఈత బొమ్మల పుస్తకం పట్టుకుని కాలవ గట్టు వెంట నడిచేవారు. ఊపిరి నీళ్ళలోనే వదిలెయ్యమనీ, గడ్డం నీటిని ఒరుసుకునేంత మాత్రమే లేచి పీల్చుకోమనీ, చేతులు నీళ్ళలో పడేలోపే ముఖం దించేస్తే నడుము పైకి తేలుతుందనీ ఎన్నిసార్లు చెప్పారో. నేను ‘ఆయ్’ అనేదాన్ని, మళ్ళీ తల ఎత్తేదాన్ని. చిన్నప్పుడు మునిగి నీళ్ళు తాగిన భయం అది. పోటీలకు వారం ఉందనగా ఉక్రోషం ఆపుకోలేక అనేశాను.

“గట్టు మీంచి ఎన్నైనా చెప్తారండీ. ముఖం పెట్టేది నేను కదండీ.”

ఆయన పుస్తకం మూశారు. “నాకు ఈత రాదమ్మా,” అన్నారు.

మర్నాడు పొద్దున్నే మా నాన్నగారిని అడిగి రెండు ఎండుకాయలు జోడు కట్టించుకున్నారు. రేవులో బట్టలుతికేవాళ్ళు ముసిముసిగా నవ్వుతుంటే, యాభైకి దగ్గరపడ్డ ఆ మనిషి జోడు పొట్ట కింద పెట్టుకుని, చిన్నపిల్లాడిలా నడుం లోతుకు దిగారు. కళ్ళు మూసుకుని ముఖం పెట్టారు. దగ్గారు, మళ్ళీ పెట్టారు. మూడోసారికి కాళ్ళు తేలాయి.

“చూసేవా అమ్మా, ముఖం దించితే కాళ్ళు లేచేయి. పుస్తకంలో రాసింది నిజవే,” అన్నారు, ముక్కులోంచి నీళ్ళు కారుతుండగా.

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ముఖం పెట్టాను. కాకినాడలో నాకు మూడో స్థానం వచ్చింది. యాభై మీటర్లలో ఒక్కసారి కూడా తల ఎత్తి గట్టు కోసం వెతకలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఆయన పోయారని తెలిసి వాళ్ళింటికి వెళ్ళాను. చూరుకు కాయల జోడు వేలాడుతోంది. తాడు కొత్తది. రిటైరయ్యాక కూడా రోజూ కాలవలో దిగేవారని వాళ్ళ ఆవిడగారు చెప్పారు. ఈత వచ్చిందాండీ అని అడిగాను.

“రాలేదమ్మా. ముఖం పెట్టడం మాత్రం మానలేదు.”

ఆ జోడు అడిగి తెచ్చుకున్నాను. మొన్న వసారాలో తడిసింది అదే.