బాగున్న రోజు పెట్టిన సంతకం

నవంబర్‌లో ఒక మంగళవారం. ఉదయం ఆరు నలభైకి మా ట్రక్ ఆ ఊళ్లో ఆగింది. వాషింగ్టన్ రాష్ట్రం, పడమటి వైపు లోయ. సన్నటి వాన, నలభై డిగ్రీల ఫారెన్‌హీట్ చలి. నది గట్టు దాటింది. పొలాలన్నీ నీళ్లే. మేం నేషనల్ గార్డ్ వాళ్లం, అంటే పిలిచినప్పుడు వెళ్లే పార్ట్‌టైమ్ సైనికులం, పన్నెండు మందిమి. పది రోజుల డ్యూటీ. కోర్టు చుట్టూ ఇసుక బస్తాలు పేర్చాలి. నీళ్లలో చిక్కుకున్నవాళ్లని హైస్కూల్ జిమ్‌లో పెట్టిన షెల్టర్‌కి చేర్చాలి.

"గన్ తీసుకెళ్లావా నాన్నా?" అని ఇంటికొచ్చే ఆంటీలు ఇప్పటికీ అడుగుతారు. లేదు ఆంటీ. వరద డ్యూటీకి రైఫిళ్లు ఇవ్వరు. పార, గ్లవ్స్, లైఫ్ జాకెట్, రేడియో. అక్కడ గన్ మాట వచ్చింది ఒక్కసారే.

మూడో రోజు, ఉదయం పదీ పదిహేను. రేడియోలో మా డ్రైవర్.

"సార్జెంట్, వంతెన దగ్గర ఒక పెద్దాయన నడుము లోతు నీళ్లలో నడుస్తుంటే ఎక్కించుకున్నాను. షెల్టర్‌కి రానంటున్నాడు. కోర్టుకే వెళ్లాలట."

"ఏం పని?"

"ఏదో కాగితం ఇవ్వాలట."

మా సార్జెంట్ చేతిలో ఇసుక బస్తా దించింది. "తీసుకురా."

అరవై దాటిన మనిషి. బంగాళాదుంపల రైతు. డ్రైవింగ్ లైసెన్స్ ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి పట్టుకున్నాడు. చెయ్యి పట్టుకుని కోర్టు మెట్లెక్కించాను.

"వరద తగ్గాక రావచ్చు కదా సర్?"

"ఇవాళ బాగున్నాను," అన్నాడు. "నా భార్య పోయి ఏడాది. ఇంట్లో ఉన్న గన్స్ పోయిన నెల షెరీఫ్ ఆఫీస్‌లో ఇచ్చేశాను. బాగోలేని రోజు వస్తే షాపుకెళ్లి ఇంకోటి కొనేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే బాగున్న రోజు సంతకం పెట్టాలి."

కొనకుండా ఉండటానికి కాగితమా? నాకు అర్థం కాలేదు. లోపల జనరేటర్ లైటు కింద క్లర్క్ ఒక్కావిడే ఉంది. ఆవిణ్ని అడిగాను.

"చట్టం ఉంది," అందావిడ. "నాకు గన్ అమ్మొద్దని ఎవరికి వాళ్లే రాసివ్వచ్చు. అమ్మేముందు షాపువాళ్లు రికార్డులు చెక్ చేసినప్పుడు పేరు తగులుతుంది. ఇక అమ్మరు."

"డాక్టర్ చెప్పాలా? జడ్జి?"

"ఎవరూ అక్కర్లేదు. ఐడీ చూపించి ఇస్తే చాలు."

"మనసు మారితే?"

"వారం దాటాక వెనక్కి తీసుకోవచ్చు."

"వారంలో ఏమవుతుంది?" నాకు తెలీకుండానే పైకి అనేశాను.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "నాది ఎప్పుడూ ఒక్క పూట గండమే. ఆ పూట గడిస్తే చాలు."

ఆయన ఫారం నింపడం మొదలుపెట్టాడు. చివర్లో పెన్ను ఆగింది. ఫారంలో ఆఖరి ప్రశ్న: ఈ కాగితం మీరు వెనక్కి తీసుకుంటే ఎవరికి తెలియజేయాలి? ఇష్టమైతే రాయొచ్చు, లేకపోతే వదిలేయొచ్చు. ఆయనకి పిల్లల్లేరు. పెన్ను ఆ గీత మీదే ఉండిపోయింది.

తలుపు దగ్గర మా సార్జెంట్ నిలబడి ఉంది, నీళ్లు కారుతూ. గ్లవ్ పళ్లతో లాగేసి ముందుకొచ్చింది.

"నా పేరు రాయండి. నంబర్ చెబుతాను."

"నేనెవరో మీకు తెలీదు."

"ఇప్పుడు తెలిసిందిగా."

డ్యూటీ అయిపోయి ఇంటికొచ్చాను. మరుసటి ఏడాది సర్వీసూ అయిపోయింది. ఇప్పుడు పొద్దున లేస్తే ఆఫీస్, మీటింగులు. సార్జెంట్‌తో ఎప్పుడు మాట్లాడినా అదే అడుగుతాను, క్లర్క్ ఫోన్ చేసిందా అని.

"లేదు. ఆయనే చేస్తాడు, ప్రతి ఆదివారం. దుంపల గురించి మొదలుపెడితే ఆపడు."

ఆ రోజు సంతకం అయ్యాక ఆయన్ని షెల్టర్‌లో దించాం. జిమ్ తలుపు దగ్గర ఎందుకో వెనక్కి చూశాను. మడత మంచం మీద కూర్చుని తడి బూట్ల లేసులు మెల్లగా విప్పుతున్నాడు. ఒక్కో బూటులో న్యూస్‌పేపర్ కుక్కాడు. రెండూ మంచం కింద పక్కపక్కనే పెట్టాడు. తర్వాత పక్క మంచం మీద ఉన్నావిణ్ని అడిగాడు.

"పొద్దున్నకి ఆరతాయంటారా?"