బోణీ ముక్క

పిహెచ్‌డీ కోసం నేను పట్టుకున్న ఉక్కు మహా పెంకిది. అందులో నియోబియం అనే లోహం కొద్దిగా కలిపి ఉంటుంది. కొలిమిలో బాగా కాలినప్పుడు అది ఉక్కులో కరిగిపోతుంది. కాస్త చల్లారాక వేడిమీదే నొక్కితే కంటికి ఆనని కణాలుగా బయటపడి ఉక్కుకు బలాన్నిస్తుంది. పాకాన్ని కలియబెడితే పంచదార పలుకులు కట్టినట్టే. నొక్కిన ఎంతసేపటికి ఆ కణాలు పుడతాయో తేల్చడమే నా పని.

నొక్కిన వెంటనే నీళ్ళలో ముంచిన ముక్కలో కణాలు ఉండకూడదు. నా ముక్కల్లో మాత్రం ప్రతిసారీ ఉండేవి. బయటి ఊరి మైక్రోస్కోపు నుంచి వచ్చే ఫొటోల నిండా నల్లటి చుక్కలే.

విజయనగరం కాలేజీలో మా గైడు ఒకరోజు పిలిచి చెప్పేశారు. "సబ్జెక్టు మార్చుకోమ్మా. ఉన్న ఉక్కు ఇంకొక్క విడతకే వస్తుంది." నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు కొలిమి ముందు మాడింది ఇందుకా? "మార్చనండీ. తప్పెక్కడుందో పట్టుకుంటాను" అని వచ్చేశాను.

కొలిమి వేడి చూశాను, నీళ్ళు చూశాను, గడియారం చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇక మిగిలింది మేమిద్దరమే. కొలిమిలోంచి ముక్క తీసి ప్రెస్సు కింద పెట్టి, వెనక్కి తిరిగి కొలిమి తలుపు మూసేదాన్ని నేను. నొక్కి నీళ్ళలో వేసేది ల్యాబ్ అసిస్టెంటు. నేను బాబాయ్ అంటాను. కొత్తవలస నుంచి రైల్లో వస్తాడు. ఇంట్లోవాళ్ళది కిరాణా కొట్టు.

మర్నాడు పొద్దున్నే పనికిరాని ఇనప ముక్కలు కాల్చి, తలుపు మూయకుండా అక్కడే నిలబడ్డాను. బాబాయ్ నొక్కాడు. పట్టకారు అందుకోవడానికి బదులు ప్రెస్సు పిడిని తాకి రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. పైకి చూసి ఏదో గొణుక్కున్నాడు. అప్పుడు వేశాడు నీళ్ళలో. రెండో ముక్క మాత్రం నొక్కగానే వేసేశాడు.

"ఏటి బాబాయ్ అది?"

"బోణీ ముక్క కదమ్మా! కొట్లో అయినా ఇక్కడయినా బోణీ కళ్ళకద్దుకోకపోతే పని సాగుతాదేటి? నీ సదువు గట్టెక్కాలనే మొక్కుతున్నాను."

వెంటనే ముంచాల్సిన ముక్కను నేను ఎప్పుడూ పొద్దున్నే, అన్నిటికంటే ముందు చేసేదాన్ని. కణాలు పుట్టడానికి ఆ దండం పెట్టే సమయం చాలు. అరవబోయి ఆగిపోయాను. నా చదువు గట్టెక్కాలని రోజూ దండం పెట్టిన మనిషి మీద ఏమని అరుస్తాను?

సంగతంతా విడమరచి చెబితే ఆయన మొహం పాలిపోయింది. "ఇన్నాళ్ళూ నీ పని నానే పాడు సేసినానేటమ్మా?"

"దండం మానకు బాబాయ్. రేపట్నుంచి బోణీకి పాత ఇనప ముక్క పెడతాను. నా ముక్క రెండోది. అది మాత్రం నొక్కీ నొక్కగానే నీళ్ళలో పడాల."

మిగిలిన ఉక్కంతా అలాగే చేశాం. ఫొటోలు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. వచ్చిన రోజు గైడు, బాబాయ్ నా వెనకే నిలబడ్డారు. కంప్యూటర్ తెరంతా బూడిదరంగు. ఒక్క చుక్క లేదు. గైడు వంగి చాలాసేపు చూసి, "ఇక థీసిస్ రాయడం మొదలుపెట్టు" అని వెళ్ళిపోయారు.

బాబాయ్ కళ్ళు చికిలించాడు. "ఇందులో ఏటీ లేదు కదమ్మా?"

"లేదు బాబాయ్! ఏటీ లేదు!" నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన తెరను తాకి చేతులు కళ్ళకద్దుకున్నాడు. ఈసారి ఎంతసేపు అద్దుకుంటాడో అద్దుకోనీ అని ఊరుకున్నాను.