మేకు కొట్టని ఇల్లు

గుంటూరులో నాకు రెండు పాత ఇళ్లున్నాయి. ఒకదాంట్లో నేనుంటాను, పక్కది అద్దెకిస్తాను. వానాకాలం వస్తోందంటే ఆ పక్కింటి శ్లాబు నా ప్రాణం తీస్తుంది. ఆ ఏడు లోపలి ఇనుము తుప్పు పట్టి, పడగ్గదిలో పెచ్చులు ఊడటం మొదలైంది. వానలు పడకముందే పని చేయిద్దామని మేస్త్రీని తీసుకెళ్లాను.

అద్దెకున్నది ఒక కుర్రాడు, అతని తల్లి, భార్య. కనిగిరి వైపు వాళ్లు. కుర్రాడు మిరప యార్డులో గుమాస్తా, అతను గుమ్మంలోకొస్తే ఇంటిల్లిపాదీ తుమ్ముతారు. భార్యకి ఆరో నెల. మేస్త్రీ సుత్తి తీయగానే అత్తగారు అడ్డం నిలబడింది.

"కడుపుతో ఉన్న మనిషి తిరిగే ఇంట్లో సుత్తి దెబ్బ పడకూడదండి. కాన్పయ్యాక చూద్దాం."

"నిజమేనమ్మా, నేను కొట్టను" అంటూ మేస్త్రీ సుత్తి సంచిలో పడేసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. నా నోరు మంచిది కాదని వీధిలో అందరికీ తెలుసు. "పెచ్చూడి ఆ పిల్ల నెత్తిన పడితే మీ ఆచారం అడ్డం పడుతుందా అండీ?" అని గట్టిగానే అడిగాను.

అప్పుడు ఆ పిల్ల మంచం మీంచే మెల్లగా అంది. "పిన్నిగారూ, కిందటిసారి నిలవలేదండి. అప్పుడు మా ఇంట్లో గోడ కొట్టించారు. అత్తయ్యకే కాదు, నాకూ భయమే."

తల్లి లేని పిల్ల, కాన్పుకి వెళ్లడానికి పుట్టిల్లు కూడా లేదు. చాలా జాలేసింది. "అయితే సామాను సర్దుకుని మా ముందుగదిలోకి రండి" అన్నాను. అత్తగారు సరేనంది గానీ ఓ మెలిక పెట్టింది. "ఇక మీ ఇంట్లోనూ మేకు కొట్టకూడదు మరి."

వాళ్లొచ్చిన మర్నాడు పక్కింట్లో పని మొదలైంది. మొదటి దెబ్బకే, అంతకుముందు మంచం ఉన్నచోట పళ్లెమంత పెచ్చు ఊడిపడింది. అత్తగారు వచ్చి చూసింది. ఆ సాయంత్రం గోంగూర పచ్చడి నూరి నాకు పెట్టింది.

పక్కిల్లు బాగుపడింది గానీ వాళ్లు కదల్లేదు. ఏడో నెల వచ్చాక ఇల్లు మారకూడదట! ఈలోగా నా ఇల్లు పాడైంది. వంటింటి కుళాయి కారుతోంది. గేటు బందు ఊడితే తాడుతో కట్టాను. "అద్దె కొంపకి చేసే సేవ సొంతింటికి చేసుకోవేమే?" అని మా చెల్లెలు ఎగతాళి చేసింది. "పిల్ల పుట్టాక చెబుతాలే" అన్నాను.

ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. కొన్నాళ్లకి వాళ్లింటికి వెళ్లిపోయారు. వెంటనే మేస్త్రీకి కబురు పెట్టాను. అతను వచ్చేసరికి ఆ పిల్ల బిడ్డనెత్తుకుని మా ముందుగదిలో ఉంది. "అక్కడ నిద్రపోవట్లేదు పిన్నిగారూ, ఈ గదే అలవాటైంది" అంది. పడుకోబెట్టగానే బిడ్డ కళ్లు మూసింది.

మేస్త్రీ గేటు దగ్గర సుత్తి ఎత్తాడు.

"ఆగవయ్యా" అన్నాను. "పిల్ల పడుకుంది. రేపు రా."

గేటుకి ఇప్పటికీ తాడే ఉంది.