ఆగమన ఆదివారాల పిడికెడు బియ్యం

మొన్న మనవరాలి వెంట మా క్లాంగ్ పట్నంలో ఒక పెద్ద దుకాణానికి వెళ్లానా, నవంబరు ఇంకా వెళ్లకముందే అక్కడ దూది మంచు, రంగుదీపాలు, చెవులు గింగురుమనే క్రిస్మస్ పాటలూను! బయటేమో ఉక్కపోత, లోపలేమో మంచు; నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. పండుగ రాకుండానే పండుగ చేసేసుకుంటే ఇక ఎదురుచూడటానికేం మిగులుతుంది, మీరే చెప్పండి?

యుద్ధంలో జపానువాళ్లు ఈ దేశం మీదికి రాకముందు, మేం రబ్బరు తోటలో కూలీలకు వరసగా కట్టిన లైను ఇళ్లలో ఉండే రోజుల్లో, క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆగమన ఆదివారాలే మాకు అసలు పండుగ. పాదిరిగారు ఎప్పుడో గాని రారు గనుక ప్రార్థన నడిపేది మా తాతే. మొదటి ఆదివారం నుంచీ ప్రతి ఇల్లాలూ వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు విడిగా కుండలో వేసి, ఆఖరి ఆదివారం తెస్తే, అందరి బియ్యమూ కలిపి ప్రార్థన పాక ముందు ఒకే గంగాళంలో గంజి కాచేవారు. కాకపోతే ఒక మెలిక ఉండేది. ఎవరితోనైనా మాటల్లేకపోతే ముందు వాళ్ల గుమ్మానికి వెళ్లి, రెండిళ్ల బియ్యమూ కలుపుకుని రావాలి. కలపని బియ్యం గంగాళంలో పడటానికి వీల్లేదు. ఇల్లు ఊడ్సుకుంటే సాల్దర్రా, కడుపులోది కూడా ఊడ్సుకోవాల అనేవాడు తాత.

అంత చెప్పే తాత ఇంట్లోనే, ఏళ్ల తరబడి, రెండు కుండలు కలవకుండా ఉండిపోయాయి. ఒకటి మా అమ్మది, రెండోది మేనత్తది, అంటే మా నాన్న అక్కది. లైనులో పురుళ్లన్నీ అత్త చేతిమీదుగానే జరిగేవి. నా తర్వాత పుట్టిన తమ్ముడు మెడకు పేగు చుట్టుకుని, కేరుమని ఏడవకుండానే పోయాడు. అందులో ఎవరి తప్పూ లేదు. కానీ అమ్మ ఆ కడుపుకోతలో, ఈ చేతులే నా బిడ్డను మింగేశాయని లైనంతా వినేలా అనేసింది. అంతే, ఆ రోజు నుంచి అత్త ఏ పురుడికీ చెయ్యి వేయలేదు. నొప్పులొచ్చినవాళ్లను ఎడ్లబండిలో దూరపు ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చేది.

నాకు ఊహ బాగా తెలిసిన ఏడు, సరిగ్గా ఆగమన దినాల్లోనే అమ్మకు మళ్లీ నెలలు నిండాయి. ఆ ఏటి వానలకు ఎర్రమట్టి దారి పూర్తిగా మునిగిపోయి బండి కదిలే వీలు లేకపోయింది. నాన్న ముఖాన నెత్తురు చుక్క లేదు. అమ్మ మాత్రం పూట పూటా పిడికెడు బియ్యం తీస్తూనే ఉంది.

ఆఖరి ఆదివారం పొద్దున వాన కాస్త తెరిపిచ్చింది. అందరూ గంగాళం చుట్టూ చేరి పాడుతుండగా అమ్మ కుండ చంకనెత్తుకుని, ఆ నిండు కడుపుతో, బురదలో ఆగి ఆగి నడుచుకుంటూ వెళ్లి అత్త గుమ్మం ముందు నిలబడింది. పాట దానంతటదే ఆగిపోయింది. అత్త బయటికి వచ్చి, అమ్మను చూసి, చేతులు రెండూ కొంగులో దాచుకుంది. అమ్మ కుండ కింద పెట్టి, ఆ చేతులను కొంగులోంచి బయటికి తీసి తన కడుపుమీద పెట్టుకుంది.

"వదినా, బిడ్డ తల తిరిగినాదో నేదో సూడు."

"నాను సెయ్యలేనే, నాకు బయ్యం" అంటూ అత్త భోరుమంది.

"నాకూ బయ్యమే. అయినా నువ్వే రావాల."

అబ్బ, ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు గగుర్పొడుస్తోంది! తాత అక్కడే, ఆ బురదలోనే మోకరించాడు. దేవుడు దిగిరావడం గురించి చదివినవాళ్లు, చెప్పేవాళ్లు ఎందరో ఉంటారు. నేను మాత్రం ఆ పొద్దున ఆ గుమ్మం ముందు కళ్లారా చూశాను. ఆ వారంలోనే చెల్లెలు అత్త చేతుల్లో పుట్టి, పుట్టగానే లైను అదిరిపోయేలా కేక పెట్టింది.

దారి మునిగింది కాబట్టి వెళ్లింది గాని లేకపోతే వెళ్లేదా అని కొందరు మూతులు తిప్పారు. అయ్యుండవచ్చు, నేను కాదనను. ఇప్పుడు ఎటు చూసినా తారు రోడ్లు, అడుగడుగునా ఆసుపత్రులు. మా మనవల్లో ఏ బిడ్డా పురిట్లో పోలేదు, అందుకు రోజూ దేవుడికి స్తోత్రం చెప్పుకుంటాను. కానీ ఒకరు లేకపోతే ఒకరికి గడవని రోజులు పోయాక, మాటలు మానుకోవడం ఎంత తేలికైపోయిందో! మావాళ్లలోనే, ఒకే గుడిలో ఒకే బల్ల మీద చెరో కొసన కూర్చునే అన్నదమ్ములున్నారు. ఎవరి గుమ్మమూ తొక్కకుండానే వాళ్లకు క్రిస్మస్ వచ్చి వెళ్లిపోతోంది.